మామకు చెప్పని రెండో దారి

ఇన్నేళ్లుగా ఈ మాటను గుండెలో పెట్టుకుని తిరుగుతున్నాను. బయటికి కనపడదు. బరువు మాత్రం తగ్గలేదు. నా భార్యకు చెప్పలేదు, నాతో చదివినవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మాది పెద్దముడియం దగ్గర పల్లె. వరసకు నాకు మామ అయ్యే ఒకాయన మా ఊరి చెక్కభజన గురువు. చెక్కలు చేతబట్టి ఆయన పాట ఎత్తుకుంటే, చుట్టూ గుండ్రంగా నిలబడిన పిల్లలమంతా అడుగు వేస్తూ అందుకునేవాళ్లం. ఎవరైనా అడుగు తప్పితే పాట ఆపకుండానే కళ్లు ఉరిమేవాడు. శనగచేలు కోతకొచ్చే రోజుల్లో, పొద్దు వాలే వేళ, ఆయన గొంతు జమ్మలమడుగు రోడ్డు దాకా వినపడేదని మా అమ్మ అనేది. రోడ్డు దాకా వినపడేదో లేదో గానీ నాకు మాత్రం ఇప్పటికీ వినపడుతుంది. ఎంత బాగుండేవో ఆ రోజులు!

నేను డాక్టరునయ్యాను. పెద్ద ఊళ్లో ఆపరేషన్లు నేర్చుకుంటున్న కాలంలో మామకు ఒక పూట కుడిచెయ్యి పడిపోయి, మళ్లీ సర్దుకుంది. చెక్కలు జారి కిందపడ్డాయట. ప్రొద్దుటూరులో స్కాన్ తీశారు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళం మెడలో ఎడమవైపు సన్నబడిందని, అలాగే వదిలేస్తే పెద్ద పక్షవాతమే రావచ్చని చెప్పి మా ఆసుపత్రికి పంపారు. మనోడున్నాడన్న ధైర్యంతో మామ వచ్చాడు.

దారులు రెండు. ఒకటి, మెడ కోసి నాళం తెరిచి, లోపల పేరుకున్న గారను ఒలిచేసి కుట్టడం. రెండోది, తొడ దగ్గరి నుంచి సన్నటి తీగ పంపి, ఇరుకైన చోట స్టెంట్ అనే జాలీ గొట్టం నిలబెట్టడం. వయసు మళ్లినవాళ్లకు తీగ పంపేటప్పుడే గార చెదిరి పక్షవాతం వచ్చే భయం కొంచెం ఎక్కువ. కోతలో ఆ భయం తక్కువే గానీ, గొంతు పలికించే నరం ఆ పక్కనుంచే పోతుంది. దానికి దెబ్బ తగిలితే గొంతు బొంగురుపోతుంది. చాలామందికి తిరిగొస్తుంది. కొందరికి రాదు.

మా పెద్ద సర్జన్‌కు కోతే మేలనిపించింది. అయినా రెండూ మీ భాషలో విడమరిచి చెప్పు, ఆయననే తేల్చుకోనివ్వు అని నన్ను పంపారు. మావైపు ఇంట్లో ఒక డాక్టరు ఉంటే చాలు, ఇక వేరే డాక్టరును ఎవరూ ఏమీ అడగరు. మనోడు చెప్పిందే వేదం.

మంచం పక్కన కూర్చుని ఒక్క దారే చెప్పాను.

"గొంతుకేమన్నా అయితాదా అల్లుడా?" అన్నాడు మామ. "పాట లేకపోతే నేనేంటికి బతకల్ల?"

"ఏం గాదులే మామా. మెడ మింద చిన్న గాటు. నేనుండా గదా."

"నువ్వుండావు. ఇంగేం కావల్ల నాకు?"

ఎందుకు చెప్పలేదు? తెలిస్తే గొంతు కోసం తీగ దారే పట్టి పక్షవాతం కొని తెచ్చుకుంటాడని భయపడ్డానా? నిజమే, భయపడ్డాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న జవాబు అదే. కానీ ఇంకొకటుంది. మెడ తెరిచే పని మొదటిసారి నా చేతికి ఇస్తామన్నారు. తీగ పని వేరే విభాగం వాళ్లది, మామ అటు వెళ్తే ఆ అవకాశం పోయేది. ఆ ఆశ కూడా ఆ పూట నా మనసులో ఉంది. ఎంత ఉందో తూచి చెప్పలేను.

ఆపరేషన్‌లో నరం నలిగింది నా చేతిలోనో, పెద్ద సర్జన్ చేతిలోనో తెలియదు. మామకు పక్షవాతం రాలేదు. గొంతూ తిరిగి రాలేదు. వాపు తగ్గితే వస్తుందిలే అని కొన్నాళ్లు నేనే ఓదార్చాను. పులివెందుల నుంచి చుట్టాలొస్తే నన్ను చూపించి, మా అల్లుడే నన్ను నిలబెట్టినాడని గుసగుసగా చెబుతాడు. నేను తల దించుకుంటాను. డాక్టరైనా ఎంత అణకువో అనుకుంటారు వాళ్లు.

మొన్న బ్రహ్మంగారిమఠంలో మా ఊరి జట్టు భజన చేసింది. ఇప్పుడు శిష్యులే పాడతారు. అయితే మామ ఎత్తుకునే మొదటి పల్లవి దగ్గర ఎవరూ గొంతు విప్పలేదు. చెక్కలు మాత్రం మోగాయి, అడుగులు పడ్డాయి. అది గురువు చోటట, గౌరవం కొద్దీ అలాగే వదిలేస్తారట. మామ అరుగు మీద కూర్చుని పెదవులు కదుపుతూ పూర్తిగా పాడాడు. తర్వాత నన్ను దగ్గరికి పిలిచి, వినపడిందా అని చెవిలో అడిగాడు. వినపడింది మామా అన్నాను.

మీకు చెప్పాను. కొంచెం ఊపిరి ఆడుతోంది. మామకు మాత్రం ఇంకా చెప్పలేదు.