డ్రాయింగ్ కొట్టేసిన రోజు

ఆ రోజుల్లో తొమ్మిదో తరగతిలోనే పిల్లలు ఏ సబ్జెక్టులు చదువుతారో బడికి రాసివ్వాలి. మా అమ్మాయి ఫారంలో డ్రాయింగ్ అని రాసుకుంది. ఆ ఫారం ఇచ్చేసి ఆఫీసుకు పోదామని ఆబిడ్స్‌లో బస్సు కోసం నిలబడ్డాను. సంతకం చేయబోతే నా కలంలో సిరా లేదు. పక్కనున్నాయన తన కలం ఇచ్చి, కాళ్ళ దగ్గరున్న తన ట్రంకుపెట్టె మీద పెట్టి రాసుకోమన్నాడు. డ్రాయింగ్ కొట్టేసి, పై చదువులకు కావలసిన కాంపోజిట్ లెక్కలు అని రాశాను.

ఆయన చూస్తూనే ఉన్నాడు.

"లెక్కలు మంచిదే సార్, ముంగట పనికొస్తది," అన్నాడు. "నేను డ్రాయింగ్ మాస్టర్ని. మా బడిల ఈ యేడు డ్రాయింగ్ ఒక్కరు గూడ తీస్కోలే. గందుకే బదిలీ చేసిన్రు. నాంపల్లి స్టేషన్‌కు పోతున్న."

నాకు తలెత్త బుద్ధి కాలేదు. "మీ కలంతోనే కొట్టేశానండీ," అన్నాను.

"ఫికర్ చెయ్యకున్రి. బిడ్డను ఇంట్ల గీసుకోనియ్యున్రి, చాలు."

బస్సు రాగానే పెట్టెతో ఎక్కి వెళ్ళిపోయాడు.

నేను ఫారం మార్చలేదు. ఆ సాయంత్రం మాత్రం, పరీక్షలని నేనే అటక మీద దాచేసిన రంగుల డబ్బా దించి అమ్మాయి ముందు పెట్టాను. మూత తీసి, ఎండి బీటలువారిన రంగుల మీద నీళ్ళు చిలకరించింది.