ఎనిమిదేళ్ల లెక్క

ఈ ఉదయం మా ఆవిడ వంటింట్లో ఇంగువ డబ్బా మూత తీసిందో లేదో, వసారాలో పేపరు చదువుతున్న నా ముక్కు పసిగట్టేసింది. వనపర్తిలో ఏళ్ల తరబడి పిల్లలకు ఫిజిక్సు చెప్పినవాణ్ని కదా, పాత బుద్ధి ఊరుకోదు. గాలి బొత్తిగా కదలకపోతే ఆ వాసన ఒక్క మీటరు పాకడానికే ఒక పూట పడుతుంది. ఫ్యాను పుణ్యమా అని క్షణంలో వచ్చింది. అదే నీళ్లలోనైతే... అక్కడికి రాగానే మా అక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది.

అక్కది గోపాల్‌పేట దగ్గర పల్లె. జొన్న, వేరుశనగ తప్ప ఎరగని మెట్ట పొలంలో కుంట తవ్వించి, మొదటిసారి బొచ్చె చేపలు వేసింది. ఊరంతా నవ్వినా వినలేదు. రేపో మాపో పట్టాలనుకుంటుండగా ముసురు పట్టింది. నాలుగు రోజులు ఎండ లేక, నీటిలోని నాచు ప్రాణవాయువు ఇవ్వడం మానేసింది. ఐదో రోజు పొద్దున్నే చూస్తే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరిచి రొప్పుతున్నాయి. మోటారు వేద్దామంటే కరెంటు లేదు. మా అమ్మాయి పెళ్లిపత్రిక ఇవ్వడానికి వెళ్లిన నేను ఏం చేశానంటారా? గట్టు మీద నిలబడి, గొడుగు మెడకు ఆనించుకుని, ఆ పత్రిక వెనకే లెక్క వేశాను.

“ఏమంటున్నదిరా నీ లెక్క?” అంది అక్క.

“పైగాలి మీటరు లోతుకు దిగాల్నంటే ఎనిమిదేండ్లు పడ్తదక్కా.”

“ఎనిమిదేండ్లా! నా బొచ్చెలు గంట గూడ ఆగయి. గట్లయితే చెర్లల్ల చేపలెట్ల బతుకుతున్నయిరా?”

“నీళ్లు కదలకుంటేనే అక్కా.”

“గది ముందుగాల చెప్పొద్దా! దా, కదుపుదాం.”

కొంగు బిగించి నడుములోతు నీళ్లలోకి దిగి, బిందెతో నీళ్లు ముంచి తల ఎత్తు నుంచి ధారగా పోయడం మొదలుపెట్టింది. గొడుగూ పత్రికా గట్టు మీద పడేసి నేనూ దిగాను. పాఠాలు చెప్పిన నోరే తప్ప బిందె ఎత్తిన చేతులా నావి! నవ్విన ఇరుగుపొరుగే బకెట్లతో వచ్చారు. రెక్కలు పడిపోతాయనుకున్న వేళకు ఒక చేప నోరు మూసుకుని కిందికి జారింది. తర్వాత ఇంకొకటి. ఏడెనిమిది చచ్చిపోయాయి గానీ, మిగతావన్నీ దక్కాయి. అక్క గట్టు మీద కూలబడి, తడి కొంగుతో ముఖం తుడుచుకుంటూ పకపకా నవ్వింది. నాకైతే పోయిన ప్రాణం లేచొచ్చింది.

నేనేదైనా తాత్సారం చేస్తే, “మల్ల ఎనిమిదేండ్ల లెక్క ఏస్తున్నవా?” అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అది జరిగి ఈ ముసుర్లకు సరిగ్గా ఎనిమిదేళ్లు. నా లెక్క తప్పేం కాదు. మేమలా గట్టు మీదే నిలబడి ఉంటే, ఆనాడు నీటిని తాకిన గాలి ఇప్పుడిప్పుడే మీటరు లోతుకు చేరి ఉండేది.