దొంగలు లేని కాలనీకి అధ్యక్షుడు

కరీంనగర్‌లో మా కాలనీ సంఘం అధ్యక్షుడి కుడిచెయ్యి గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరింట్లో ఏది పోయినా ఆ అరచేత్తో గాలిని కిందికి నొక్కుతూ, "జర సల్లవడుర్రి. పోయింది గని, దొంగతనం గాదు" అనేవాడు. బిందె పోతే కోతి పని, బైకు పోతే మతిమరుపు. నిండు గ్యాస్ సిలిండర్ మాయమైనప్పుడు కూడా ఆయన పిల్లినే అనుమానించాడు. ఠాణాకు పోతే కాలనీ పేరు ఖరాబై ప్లాట్ల ధర పడిపోతుందట! అందువల్ల పోలీసు రికార్డుల్లో మాది కైలాసం కన్నా భద్రమైన చోటు. మేమూ నవ్వి ఊరుకున్నాం, సిగ్గులేక.

ఒక ఆదివారం మా పక్కింటామె చర్చి నుంచి నడిచి వస్తోంది. దవాఖానాలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ల డ్యూటీలతో చేయించుకున్న గొలుసును బైకు మీద వచ్చిన ఇద్దరు సరిగ్గా అధ్యక్షుడి గేటు ముందే తెంపుకుపోయారు. మేం పరుగెత్తుకెళ్లేసరికి ఆమె మెడ చుట్టూ నెత్తుటి చార. బయటికొచ్చిన అధ్యక్షుడికి గేటు మీది కెమెరాను చూపించింది.

"సారూ, దాంట్ల ఆళ్ల మొకాలు పడ్డయి గదా! గది ఇయ్యుర్రి, ఠాణాకు పోత."

ఆయన చెయ్యి మళ్లీ గాలిని నొక్కింది.

"గది ఉత్త డబ్బానమ్మా. లోపల ఏం లేదు. దొంగలు భయపడుతరని పెట్టిన."

నేను నోరు తెరిచేలోపే ఆమె అంది:

"దొంగలు భయపడలే సారూ. దాన్ని జూసి మేమే ధైర్యంగ తిరిగినం."