తాళం వేసిన ఉత్తరం

మంగళవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలు. నేను కూలికి వెళ్లే మిరపకాయల షెడ్డులోని గోడ గడియారం చూసే చెబుతున్నాను. ఆ రోజుల్లో అంకె గానీ అక్షరం గానీ కంటబడితే చదవకుండా వదిలేదాన్ని కాదు. యాభై ఎనిమిదో ఏట చర్చి టీచరమ్మ దగ్గర పలక పట్టినదాన్ని. అప్పటికి నా వయసు అరవై, నా చదువు వయసు రెండేళ్లు. కనుక దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే అనుకోండి.

అంతకుముందు నాకొచ్చిన ఉత్తరాలన్నీ పోస్ట్‌మ్యాన్ వీధిలో నిలబడి చదివేవాడు. మా అమ్మ పోయిన కబురు నాతోపాటే ఎదురింటివాళ్లూ విన్నారు. అందుకే చదువు రాగానే ఒట్టు పెట్టుకున్నాను, ఇకమీదట నా ఉత్తరం నేనే చదువుకోవాలని. బ్రాడీపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మా కోడలు అది విని, ‘‘మామూలు మెయిలూ పోస్టుకార్డు లాంటిదే అత్తయ్యా, దారిలో ఎవరన్నా చూడొచ్చు. తాళం వేద్దాం’’ అంది. తాళం ఎవరికైనా ఇవ్వొచ్చట, మనకు రాసేవాళ్లు దాంతో మూసి పంపుతారట, తెరిచే తాళంచెవి మాత్రం మన దగ్గరే ఉంటుందట. ‘‘తాళాలు ఊరంతా పంచేదాన్ని నిన్నే చూశానమ్మాయ్’’ అన్నాను. పిల్ల విసుక్కోలేదు. మార్టూరులో ఉన్న మా చెల్లెలి ఫోనులోనూ అదే పెట్టింది. ఆ ఇంట్లో ఫోను అందరిదీ, చెల్లెలి మెయిలు ఆమె కంటే ముందు అత్తగారే తీస్తుంది. తాళం తెరవడానికి ఆరు మాటల పాస్‌వర్డు. కాగితం మీద పెట్టకుండా బట్టీ పట్టాను. (యాభై ఎనిమిదేళ్లు కాగితం లేకుండా బతికినదానికి అదొక లెక్కా?)

ఆ మంగళవారం నా ఫోనుకి చెల్లెలి మెయిలు వచ్చింది. తొడిమలు తీసేటప్పుడు ఘాటుకి అందరం మూతికి గుడ్డ కట్టుకుంటాం. నేను గుడ్డ విప్పి, ఎవరికీ కనబడకుండా పాస్‌వర్డు కొట్టి, తాళం తీసి, చదివాను. చదవడమంటే నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి, టీచరమ్మకు వినబడేట్టు చదవడం. ‘‘అ-క్కా, రొమ్ములో గ-డ్డ తగిలింది. భయంగా ఉంది. గురువారం డా-క్ట-రమ్మ దగ్గరికి తోడు రా. ఇంట్లో తెలియకూడదు. ఎ-వ-రి-కీ చెప్పకు.’’

తలెత్తేసరికి షెడ్డులో చేతులన్నీ ఆగిపోయి ఉన్నాయి. అందరికంటే ముందు మా పని చూసే మేస్త్రమ్మ చేతులు. ఆమె పుట్టిల్లు మార్టూరులో చెల్లెలి అత్తగారి పక్కిల్లే, పైగా ఆమెను మేం రేడియో అంటాం. ఫోను కొంగులో దాచేశాను.

మేస్త్రమ్మ మూతి గుడ్డ కిందికి లాగింది. ‘‘ఏందక్కా, నోరు ఆడతా ఉంది గానీ ఒక్క ముక్క ఇనపళ్లా. ఈ ఘాటుకి చెవులు కూడా మూసుకుపోయినై. గురువారం నువ్వు రావాకు, నీ కుప్ప మేం తీస్తాం.’’

‘‘గురువారమని నేనెప్పుడన్నాను?’’

‘‘నువ్వన్లా. నాకే అట్టా తోచింది. కాయ చూడు.’’

గురువారం డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, అది ఉత్త నీటితిత్తే, భయం లేదంది. చెల్లెలు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ‘‘ఎవరికీ చెప్పలేదుగా?’’ అంది. ‘‘చెప్పలేదు’’ అన్నాను. (చదివాను, అంతే.) చెల్లెలు తనంతట తాను ఇంట్లో చెప్పేదాకా ఆ కబురు మార్టూరు చేరలేదు. కోడలు వేసిన తాళాన్ని నేను నోటితో తీసేస్తే, వాళ్లు మళ్లీ వేశారు. ఆ రుణం తీరేది కాదు.

ఇప్పుడు నోరు మూసుకుని చదవడం వచ్చు. కోడలు నోటినిండా నీళ్లు పట్టించి మరీ నేర్పింది. అయినా ఆ గొంతెత్తి చదివే చంటిపిల్ల అప్పుడప్పుడూ గుర్తొస్తుంది, నవ్వూ వస్తుంది.

ఆ రోజు షెడ్డులో ఉన్నది మేస్త్రమ్మ, పొడుగు వదిన, కళ్లజోడు పిన్ని, ఎప్పుడూ పోట్లాడుకునే తోటికోడళ్లిద్దరూ, బస్తాలు కుట్టే బాబాయి, రెండేళ్ల చదువుతో నేను.