నాన్న వాచీలోకి నీళ్ళు ఎలా వచ్చాయంటే

మా నాన్న డైవింగ్ వాచీలోకి నీళ్ళు వచ్చింది నా వల్ల. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాకు ఇరవై ఏడేళ్ళు పట్టింది. ఇన్నాళ్ళూ దాచడానికి గొప్ప కారణమేమీ లేదు. మొదటిరోజు భయమేసింది. రెండోరోజు ఆలస్యమైపోయిందనిపించింది. ఆ తర్వాత నన్ను అడిగినవాళ్ళెవరూ లేరు, అడగని ప్రశ్నకి జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

మా నాన్న విశాఖ పోర్టులో డైవరు. పద్మనాభం దగ్గర వరి పండించే కుటుంబంలో పుట్టి, గోస్తని ఏట్లో ఈత నేర్చుకుని, ఆ ఈతతోనే ఉద్యోగం సంపాదించాడు. మా ఊరి బంధువులు డైవరుని డ్రైవరుగా విని, చాలాకాలం ఆయన లారీ తోలుతాడనుకున్నారు. పెళ్ళిళ్ళకి వెళితే, "మా గొడ్లని సంతకి తోలుకెళ్ళడానికి నీ లారీ ఓపాలి పంపరా" అనేవారు. నాన్న "అలాగే" అనేవాడు. ఓడ అడుగున బురదనీళ్ళలో తడుముకుంటూ పనిచేస్తానని విడమరిచి చెప్పడం కంటే లేని లారీ పంపుతాననడమే ఆయనకి సులువు.

ఒకసారి ఒక విదేశీ ఓడ ప్రొపెల్లరుకి లావుపాటి తాడు చుట్టుకుపోతే నాన్న దిగి దాన్ని కోసి తీశాడు. ఆ ఓడ ఇంజినీరు సంతోషం పట్టలేక తన చేతి వాచీ విప్పి నాన్న చేతికి కట్టేశాడు. అతనిది ఏ దేశమని అడిగితే, "ఏమో, తెల్లగా ఉన్నాడు, ఏడ్సేలాగున్నాడు" అని మాత్రం చెప్పేవాడు. నల్లటి డయలు, చీకట్లో పచ్చగా మెరిసే ముళ్ళు, చుట్టూ నిమిషాల అంకెలున్న ఒక చక్రం. నీళ్ళలోకి దిగేముందు ఆ చక్రం మీది గుర్తుని నిమిషాల ముల్లు దగ్గరికి తిప్పిపెట్టుకుంటే, కింద ఎంతసేపయిందో చూపు పడగానే తెలుస్తుంది. చేతి ఊపుకే నడుస్తుంది కాబట్టి రోజూ కీ ఇవ్వక్కర్లేదు. టైము సరిచేయాలంటే మాత్రం పక్కనున్న బుడిపెని మర తిప్పి విప్పి, లాగి, తిప్పి, లోపలికి నొక్కి, మళ్ళీ మర బిగించాలి. బిగించకపోతే అది మామూలు వాచీ. మామూలు వాచీకి సముద్రంలో పనేముంది?

ఆ వాచీని చూసుకునే డాక్టరు పాత ఊర్లో, కురుపాం మార్కెట్ దగ్గర సందులో ఉండేవాడు. ఇద్దరు కూర్చుంటే మూడోవాడు వీధిలో నిలబడాల్సిన కొట్టు. పైన "నీళ్ళలో దిగే వాచీలు రిపేరు చేయబడును" అని బోర్డు. పోర్టు డైవర్లంతా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఆయనా నాన్నా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారు కాబట్టి నాకు ఆయన మావయ్య. ఆదివారం పొద్దున్న నాన్న స్కూటరెక్కితే ఎక్కడికని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు.

వాచీ బాగుచేశాక మావయ్య దాన్ని గ్లాసుడు నీళ్ళలో వేసేవాడు. బుడగ వస్తుందేమో చూస్తూ ఇద్దరూ టీ తాగేవారు.

"ఏటి బావా, మనకి టీ, నా వాచీకి ఉత్త నీళ్ళేనా?" అనేవాడు నాన్న.

"ఆడు డ్యూటీలో ఉన్నాడు బావా. డ్యూటీలో టీ ఏటి?" అనేవాడు మావయ్య.

ఇక నా సంగతి. నాకప్పుడు ఇరవై రెండు. నాన్న బంధువుల పెళ్ళికి రెండ్రోజులు ఊరెళ్ళాడు. అంతకు వారం ముందే మావయ్య వాచీ వెనక మూతకి కొత్త రబ్బరు రింగు వేసి ఇచ్చాడు. పెళ్ళిలో ఎక్కడ పోతుందోనని నాన్న దాన్ని సొరుగులో పెట్టి వెళ్ళాడు. నేను దాన్ని కట్టుకుని స్నేహితులతో భీమిలి వెళ్ళాను. చేతికి లేకపోవడంతో అది ఆగిపోయి ఉంది. టైము సరిచేద్దామని బుడిపె విప్పి తిప్పుతుంటే, ఎవడో, "ఏరా, వస్తావా, నేక పెళ్ళికూతుర్లాగ పల్లకీ పంపాలా?" అని కేకేశాడు. బుడిపె లోపలికి నొక్కాను, మర బిగించలేదు, అలాగే సముద్రంలోకి దూకేశాను.

గట్టుకొచ్చేసరికి అద్దం లోపల ఆవిరి. అప్పుడు బిగించాను. గట్టిగా, రెండు వేళ్ళూ ఎర్రబడేలా. ఇంటికొచ్చి వాచీని బియ్యం డబ్బాలో మర్నాటి దాకా పాతిపెట్టాను. ఆవిరి పోయింది, వాచీ నడిచింది. నా అంత తెలివైనవాడు జిల్లాలో లేడనుకున్నాను. ఆవిరి పోయినా ఉప్పు పోదని అప్పుడు నాకు తెలియదు.

నాలుగైదు రోజులకి ఓడ అడుగున పనిచేస్తుండగా ఆ వాచీ ఆగిపోయింది. ఇంకా టైముందనుకుని నాన్న కిందే ఉండిపోయాడు. పైన ఆయన తాడు పట్టుకునే మనిషి అనుమానమొచ్చి లాగబట్టి బయటపడ్డాడు. పైకొచ్చి చూసుకుంటే డయలు మీద తుప్పుమరక, బుడిపె మాత్రం గట్టిగా బిగించే ఉంది. మరి నీళ్ళు ఎటు నుంచి వచ్చినట్టు? వెనక మూత నుంచే. మూత బిగించింది ఎవరు?

ఆ సాయంత్రం నాన్న నన్ను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని నేరుగా కొట్టుకి వెళ్ళాడు. నేను స్కూటరు పట్టుకుని నిలబడ్డాను.

"నీ సేతిలో ఎట్టినందుకు నా పేనం మీదకొచ్చింది బావా!" వీధిలోంచే అరిచాడు నాన్న.

"బావా, గ్లాసులో ఏసి సూసినాను కదా. నువ్వూ పక్కనే ఉన్నావు కదా."

"నువ్వు గ్లాసులో సూసినావు. నాను సముద్రంలో సూసినాను!"

ఎదుటి టీ కొట్టు దగ్గరున్న వాళ్ళంతా లేచి నిలబడ్డారు. అందులో ఇద్దరు డైవర్లు. మావయ్య వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల తెరిచి చూస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. లాక్కుని జేబులో వేసుకున్నాడు. నా నోరు స్కూటరు బ్రేకులాగ బిగుసుకుపోయింది.

నెల తిరిగేసరికి డైవర్లు వేరే కొట్టు చూసుకున్నారు. మావయ్య బోర్డు దింపేశాడు. నాన్న ఆదివారాలు పేపరు రెండుసార్లు చదవడం మొదలెట్టాడు, రెండోసారి ప్రకటనలతో సహా. ఆ వాచీని ఇంక ఎవరికీ చూపించలేదు.

నాన్న పోయి ఏడాది దాటింది. మొన్నీమధ్య బీరువా సర్దుతుంటే మా ఆవిడకి బిస్కెట్ల డబ్బాలో వాచీ దొరికింది.

"ఇది నడుస్తాదేటండీ?"

"నడవదు."

"మరి ఎందుకు దాసినట్టు?"

దాన్ని జేబులో వేసుకున్నాను. బాగుచేయిద్దామని బయల్దేరాను. ద్వారకానగర్‌లో ఒక షోరూమ్ కుర్రాడు, "డయల్ కొత్తది ఏసేద్దాం సార్, కేసు పాలిష్ కొట్టేద్దాం, మీరే గుర్తుపట్టలేరు" అన్నాడు. గుర్తుపట్టడం కోసమే కదా నాయనా నేనొచ్చింది, అనుకుని లేచొచ్చేశాను. ఇంకో రెండు కొట్లలోనూ ఇదే వరస. చివరికి డాబాగార్డెన్స్‌లో ఒకాయన చూసి, "దీన్ని పాడుసెయ్యకుండా బాగుసేసేవోడు ఒక్కడే ఉన్నాడు సార్, పాత ఊర్లో. కానీ నీళ్ళ వాచీలు ముట్టుకోడు. ఎందుకో తెల్దు" అన్నాడు.

నాకు తెలుసు. అయినా వెళ్ళాను.

కొట్టు అదే, మనిషి మాత్రం సగమయ్యాడు. గడ్డం గోరింటాకుతో ఎర్రగా ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. వాచీ అందుకుని, కంటికి భూతద్దం బిగించి, వెనక మూత తిప్పాడు. మూత లోపల సూదితో గీసిన చిన్న చిన్న గుర్తులు. బాగుచేసిన ప్రతిసారీ ఒకటి గీయడం ఆయన పద్ధతి. అన్నీ ఆయనవే.

"ఇది మా బావది" అన్నాడు. తలెత్తి నన్ను చూశాడు. "బావ ఏడీ?"

"పోయారు మావయ్యా. ఏడాదయింది."

భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "నాకెవరూ సెప్పనేదు" అన్నాడు. కబురు పంపాల్సింది నేనే. ఆ పాపం కూడా నా ఖాతాలోనే వేసుకున్నాను.

"నీటి వాచీలు మానేసినాను బాబూ. కానీ ఇది ఉంచెల్లు."

అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పంపుల మరమ్మతు చూస్తాను నేను. పనివాడి చేయి చూస్తే పనితనం పట్టేస్తాను. ఆదివారం ఆదివారం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను. తుప్పుపట్టిన మరమేకుకి ఒక్క చుక్క నూనె వేసి వారం వదిలేశాడు. చక్రం కింద గడ్డకట్టిన ఉప్పునీ, ఓడల మసినీ పుల్లతో, పళ్ళు కుట్టుకున్నంత ఓపిగ్గా తీశాడు. అద్దం మీది గీతల్ని అరిగించాడు గానీ కేసు మీది దెబ్బల జోలికి పోలేదు. ముళ్ళ మీది పచ్చరంగు గోధుమరంగుకి తిరిగిపోయింది, మార్చొచ్చా అని అడిగాను.

"ముసిలోడికి రంగేత్తే వయసొత్తాదేటి?" అన్నాడు.

నేను ఆయన గడ్డం వైపు చూశాను.

"ఇది యేరు" అన్నాడు గడ్డం నిమురుకుంటూ, ఇద్దరం నవ్వాం.

మూడో ఆదివారం నన్ను దగ్గరికి పిలిచి భూతద్దం ఇచ్చాడు. "ఇటు సూడు. తుప్పు ఎక్కడుంది?"

బుడిపె కాడ లోపలికి దిగే చోట మొదలై, అక్కడినుంచి బాటలాగ యంత్రంలోకి పాకింది. వెనక మూత ఆనే అంచు మాత్రం శుభ్రంగా మెరుస్తోంది.

"నీళ్ళు యెనకనుంచి రానేదు. బుడిపె దారినొచ్చినాయి." భూతద్దం తిరిగి తీసుకున్నాడు. "ఇన్నేళ్ళూ నాకే అనుమానం బాబూ, నా సెయ్యే తప్పిందేమోనని. మనిసి నీళ్ళలోకి దిగే వాచీ, నా సెయ్యి మీద నాకే నమ్మకం నేకపోతే ఎలాగ ముట్టుకుంటాను? అందుకే మానేసినాను." మూత పక్కన పెట్టి, "బావే బుడిపె బిగించడం మర్సిపోయి దిగిపోయుంటాడు. తరవాత సూసుకుని బిగించుంటాడు. పోన్లే. మనిసే పోయాడు" అన్నాడు.

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం రాదు. నేనేమన్నానంటే, "అయ్యుండొచ్చు మావయ్యా" అన్నాను.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చుని మా ఆవిడకి ఈ మాటే చెప్పాను, నాన్నే మరిచిపోయాడట అని. ఆవిడ గరిటె ఆపి, "మీ నాన్నగారా? గేసుబండ కట్టేసినానో నేదోనని మూడుసార్లు లేచి సూసే మనిసి. ఆయన మర్సిపోయారంటే నాను నమ్మను" అంది. తర్వాత నా కంచంలోకి చూసి, "పప్పేసుకోకుండా ఒట్టన్నం తింటన్నారేటి?" అంది.

అప్పుడు చెప్పాను, అంతా. ఆవిడ గరిటె గిన్నెలో పెట్టేసి ఎదురుగా కూర్చుంది.

"వచ్చే ఆదివారం వెళ్ళి చెప్పేస్తాను" అన్నాను.

"ఆదివారం దాకా ఎందుకు? రేపే ఎల్లండి."

"రేపు డ్యూటీ ఉంది కదా."

"సెలవెట్టండి. ఇరవై ఏడేళ్ళు ఎట్టినారు, ఇంకొక్క రోజు ఎట్టలేరేటి?"

సోమవారం పొద్దున్న వెళ్ళేసరికి మావయ్య కొట్టులో లేడు. ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడి, గ్లాసు చేత్తో పట్టుకుని, నేనెప్పుడూ చూడనంత హుషారుగా మాట్లాడుతున్నాడు. బెంచీ మీద ముగ్గురు ముసలివాళ్ళు. అందులో ఒకాయన నాన్న తాడు పట్టుకున్న మనిషి. రిటైరై పదేళ్ళయింది, ఆ చేతులు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి.

"నా సెయ్యి కాదెహె. బుడిపె బిగించనేదు మా బావ. మర్సిపోనాడు" అంటున్నాడు మావయ్య.

"ఆడు మర్సిపోడు" అన్నాడు తాడు మనిషి.

"తుప్పు సెప్తంది!"

"తుప్పు ఏటైనా సెప్పనీ. నాను తాడు పట్టుకున్నాను ఆడికి. దిగేముందు బుడిపె తిప్పి సూసుకోకుండా ఆడు ఒక్కరోజూ దిగనేదు. సచ్చినోడి మీద ఏత్తన్నావు, సిగ్గునేదూ?"

"అయితే నా మీద ఏత్తావా మళ్ళీ?" మావయ్య గొంతు లేచింది. టీ తొణికి చేతి మీద పడింది, ఆయన చూసుకోలేదు. ఇరవై ఏడేళ్ళ తర్వాత దొరికిన మంచిపేరు ఒక్క రాత్రి కూడా నిలవకుండా జారిపోతోంది. నాన్న పేరు పట్టుకున్న మనిషి ఇటు, తన పేరు పట్టుకున్న మనిషి అటు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

నన్ను చూసి మావయ్య, "ఇదిగో, అబ్బాయే ఒచ్చినాడు. సెప్పు బాబూ, నిన్న నువ్వూ సూసినావు కదా" అన్నాడు.

వీధి మధ్యలో నిలబడ్డాను. నాన్న ఆరోజు నిలబడింది సుమారుగా అక్కడే.

"చూశాను మావయ్యా. నీళ్ళు బుడిపె దారినే వచ్చాయి. కానీ నాన్న మర్చిపోలేదు. ఆయన పెళ్ళికెళ్ళినప్పుడు ఆ వాచీ కట్టుకుని భీమిలిలో దూకింది నేను. బుడిపె విప్పింది నేను, బిగించనిది నేను. తడిసిపోయాక గట్టిగా బిగించి, ఏమీ ఎరగనట్టు సొరుగులో పెట్టిందీ నేనే. నాన్న నిన్ను ఇక్కడ నిలబెట్టి తిడుతుంటే నోరిప్పలేదు. నిన్న నువ్వు నాన్న మీద వేస్తుంటే అప్పుడూ ఇప్పలేదు. నీ చెయ్యి ఎప్పుడూ తప్పలేదు మావయ్యా. నా పిరికితనం వల్ల నీ పనిమీద నీకే నమ్మకం పోయింది, మీ ఇద్దరి స్నేహం పోయింది. నన్ను క్షమించు."