పెద్దబాపు వంచిన తీగ

నా చిన్నప్పుడు, మూడో తరగతిలోనే, నా చదువు పాలపన్ను ఊడినట్టు ఊడిపోయింది. పాలపన్ను పోయిన చోట కొత్త పన్నన్న మొలుస్తది. నా చదువు పోయిన చోట వేళాకోళం మొలిచింది. కరీంనగర్ దిక్కు మా నేతగాళ్ల వాడలో ఎవరెట్ల నడుస్తరో, ఎవరెట్ల దగ్గుతరో చేసి చూపెట్టేటోణ్ణి. మగ్గాల మీది మనుషులు పని ఆపి మరీ నవ్వేటోళ్లు. అందరికన్నా గట్టిగా నవ్వేది మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న.

ఆయన మగ్గం పక్కన కూసొని నేను కండెలు చుట్టేది. నాడె అంటే మగ్గం మీద అటూ ఇటూ ఉరికే చిన్న చెక్క పడవ లాంటిది. నూలు చుట్టిన కండె దాని కడుపులో ఉంటది. కండె అయిపోయినప్పుడల్లా పెద్దబాపు కొత్తది పెట్టి, నాడె పక్కనున్న సన్న కన్నానికి నోరు ఆనించి గట్టిగా పీలిస్తే పోగు బయటికొస్తది. పొద్దందాక అదే పని. పెద్దబాపుకు తంబాకు నమిలే అలవాటుండేది. పండ్ల మొదళ్లు నల్లబడి, చిగుళ్లు ఉబ్బి, దగ్గరికి పోతే వాసన కొట్టేది. వాడలో అందరికీ తెలుసు. ఎవ్వరూ పైకి అనేటోళ్లు కాదు.

నేను అనేసిన. ఒకనాడు నలుగురు కూసున్న చోట, మా పెద్దబాపు ముద్దు పెట్టబోతే నాడె కూడా మొఖం తిప్పుకుంటదని అన్న. కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విన్రు. పెద్దబాపు కూడా నవ్విండు. కాని ఈసారి తువ్వాల నోటికి అడ్డం పెట్టుకొని నవ్విండు.

తెల్లారి నుంచి ఆయన నాడెకు నోరు పెట్టలేదు. సన్నటి తీగ కొస వంచి, దానితో పోగు గుంజుడు మొదలుపెట్టిండు. పీలిస్తే గాలి తగిలి పన్ను ప్రాణం తీస్తున్నదని ఎవరికీ చెప్పలేదు. మేమేమో అది తెలివి అనుకున్నం. మా అన్న పనితనం చూడమని బాపు కూడా ఒక తీగ వంచుకున్నడు. ఆయన్ని చూసి వాడలో ఇంకో ఇద్దరు వంచుకున్నరు. ఒక మనిషి నొప్పినీ సిగ్గునూ దాచుకున్న ఉపాయాన్ని మేము పనిముట్టు చేసుకున్నం.

కొన్నాళ్లకు పెద్దబాపు దవడ ఉబ్బింది. కాల్చిన తంబాకు పొడి అద్దుకున్నడు. చీము పగిలి వాపు దిగితే, పీడ పోయిందనుకున్నం. ఆ తర్వాత రోజూ పొద్దుగూకే యాళ్లకు సన్న జ్వరం, వణుకు. మగ్గం తొక్కితే ఆయాసం. చలిజ్వరమని కషాయాలు తాగించిన్రు. ఆఖరికి బస్సెక్కించి కరీంనగర్ దవాఖానకు తీసుకపోయినం, నేను కూడా ఎంటపడి పోయిన.

డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నడు. విని, నోరు తెరువమన్నడు. పెద్దబాపు నా దిక్కు చూసి తువ్వాలను ఇంకా గట్టిగా పట్టుకున్నడు. నన్ను బయటికి పంపితేనే తెరిచిండు. పంటి వేరు కాడ పుట్టిన విషం నెత్తుట్లో కలిసి గుండె మీద కూసున్నదని డాక్టరు చెప్పిండట. "పన్నేడ, గుండేడ సారూ?" అని మా బాపు అడిగితే, రెండిట్లో తిరిగేది ఒకటే నెత్తురు కదా అన్నడట. సూదులు మొదలుపెట్టిన్రు. అప్పటికే ఆలస్యమైంది.

ఒకనాడు సాయంత్రం పెద్దబాపు నన్ను మంచం కాడికి పిలిచిండు. ఏదన్న చెప్పు కొడుకా, నవ్వక శాన దినాలైంది అన్నడు. నవ్వియ్యాల్సిన నేను మంచం పట్టె పట్టుకొని ఏడ్చిన. అప్పుడు ఆయనే తువ్వాల తీసి పక్కన పెట్టి, నా ముందర నోరు తెరిచిండు. నేను చూసేదాక మూయలేదు.

"మంచిగ సూసినవా? నొస్తే దాసుకోకు. ఎవడు నవ్వినా సరే."

మగ్గం మీద బట్ట సగంలో ఉండంగనే పెద్దబాపు పోయిండు.

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరన్నా మూతి బిగించి నవ్వితే నాకు అనుమానమే. కోడలని చూడ, మనుమడని చూడ, నోరు తెరువుమంట. ముసలోనికి చాదస్తమని నవ్వుతరు. నవ్వనీ, నవ్వితే పండ్లు కనపడుతయి. ఆ వంచిన తీగ కూడా నా పెట్టెలోనే ఉన్నది. తుప్పు పట్టినా పారెయ్య చేతులు రావు.

పెద్దబాపు పోయిన చానా ఏండ్లకు, ఒకనాడు ఆయన పెండ్లాం, మా పెద్దవ్వ కాడ కూసొని కడుపులో ఉన్నదంతా కక్కిన. నా వేళాకోళానికే ఆయన నోరు మూసుకున్నడు, నాడె మొఖం తిప్పుకుంటదని ఆనాడు నేను అనకపోతే బతికేటోడేమోనని అన్న. ఆమె రాట్నం తిప్పుడు ఆపలేదు. నా దిక్కు చూడను కూడా లేదు.

"వాసన మాకు రాలేదనుకున్నవా? నువ్వు నవ్వులాటకైనా పైకి అన్నవ్. మొఖం తిప్పుకున్నది నాడె కాదు కొడుకా, మేము."