సన్ ఎస్కర్ చర్చి

నిన్న ఇక్కడ గల్ఫ్‌లో, మనామాలో బస్సు కోసం నిలబడి ఉండగా ఫోన్‌లో ఒక గొంతు పలకరించింది: "ఫెస్కర్ మా!" స్కాట్లండ్ నుంచి, ఒకప్పుడు నేను పనిచేసిన ఇంటి మేడమ్. గేలిక్‌లో శుభసాయంత్రమన్నమాట. "మా" అంటే మంచి. ఆ భాషలో మంచి ముందు రాదు, సాయంత్రం వెనకాల వస్తుంది. నాకు ఈ ఊళ్లోనే అద్లియా పేటలో వాళ్లిల్లు, వాళ్లమ్మగారు గుర్తొచ్చారు.

ఆవిణ్ణి నేను మామ్మగారు అనేదాన్ని. ఆవిణ్ణి చూసుకోవడమే నా డ్యూటీ. పక్షవాతం వచ్చి తగ్గాక ఇంగ్లీషు చాలావరకు పోయి, చిన్ననాటి గేలిక్ మిగిలింది. ఫెస్కర్ అంటే సాయంత్రమని మేడమ్ నేర్పితే, నేను టీ ఇస్తూ ఆ మాట అనేదాన్ని. నా గోదావరి యాసకి మామ్మగారు పొరమారేలా నవ్వేవారు.

ఒక శుక్రవారం, అంటే ఇక్కడ చర్చికెళ్లే రోజు, మధ్యాహ్నం అన్నం తింటూ, "చర్చి... సన్ ఎస్కర్" అన్నారు. అదేదో చర్చి పేరనుకుని తలూపాను. గిన్నెలు కడిగి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. వీధి తలుపు బార్లా తీసి ఉంది. బయట ఎండ మండిపోతోంది. మేడమ్ ఫోన్ ఎత్తలేదు. చున్నీ నెత్తిన వేసుకుని పరుగెత్తాను. ఎక్కడైనా కళ్లు తిరిగి పడిపోయారేమో, ఏ కారు కింద పడ్డారో! ఒక టాక్సీ ఆపి, "సన్ ఎస్కర్ చర్చి ఎక్కడ భాయ్?" అని వచ్చీరాని హిందీలో అడిగాను. అలాంటి చర్చే లేదన్నాడు.

ఇక మిగిలింది మేమెప్పుడూ వెళ్లే చర్చే. మా తెలుగువాళ్ల ప్రార్థన సహవాసం కూడా అక్కడే. ఏడుస్తూ వెళ్తే, గేటు దగ్గర నిజామాబాద్ వాచ్‌మన్ ఎదురొచ్చాడు.

"ఉరకకు అక్కా, పడ్తవ్! ముసలమ్మ ఈడనే ఉన్నది. నీళ్లు తాపిన."

నీడలో బెంచీ మీద మామ్మగారు, మొహం కందిపోయి. ప్రార్థనకి ఇంకా ఎవరూ రాలేదని కోపం! కావలించుకుని అక్కడే కూలబడ్డాను.

ఇంటికొచ్చిన మేడమ్ విడమరిచి చెప్పింది. "లో" అనే అర్థంతో "సన్" ముందుకొస్తే ఫకారం మూగబోతుందట. రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. ఫెస్కరే ఎస్కర్! సాయంత్రం చర్చికి అన్నారన్నమాట మామ్మగారు. పైగా మిట్టమధ్యాహ్నం దాటితే వాళ్లకి ఫెస్కరే. లాటిన్‌లో సాయంత్రాన్ని వెస్పర్ అంటారట. అది క్రైస్తవ సన్యాసుల ప్రార్థనలతో వాళ్ల సీమకి చేరి అలా మారిందట. మనం సాయంత్రాన్ని సంస్కృతం నుంచి తెచ్చుకోలేదూ!

తర్వాత మామ్మగారు కుర్చీలోంచి లేస్తే చాలు, నేనూ లేచేదాన్ని. వాళ్లు స్కాట్లండ్ వెళ్లిపోయిన మరుసటేడే ఆవిడ పోయారు. ఈమధ్య నాకూ అన్నం తిని చెయ్యి కడుక్కునేసరికే పొద్దు వాలినట్టుంటోంది. పగళ్లు ఎప్పటినుంచి ఇంత పొట్టివయ్యాయో గమనించనేలేదు.